మారేడాకు అడుగు

దానికి ఒక పేరు ఉండేది. మా అన్న పెట్టిన పేరు. అది ఇక్కడ రాయను. రాస్తే ఒక్కసారైనా పైకి చదువుకుంటాను. చదివితే పక్క గదిలో ఉన్న అమ్మ వింటుంది. వింటే తల తిప్పి తలుపు వైపు చూస్తుంది. ఇన్నేళ్లయినా అంతే. ఆ మధ్య టీవీలో ఏదో సబ్బు ప్రకటనలో ఒక చిన్నపిల్లవాణ్ని ఆ పేరుతో పిలిచారు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. అందుకని ఇందులో అది ఉత్త కుక్కే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో కొత్తపేట పండ్ల మార్కెట్ దాటాక లోపలికి ఒక గల్లీ ఉండేది. అందులో ఒక ఇంటి పై పోర్షన్‌లో మేం కిరాయికి ఉండేవాళ్లం. నాయిన బస్సు డ్రైవరు. నల్గొండ పక్క ఊరు వదిలి వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. కింద ఇంటి ఓనర్లు, గుంటూరు వైపు వాళ్లు, రిటైరైన భార్యాభర్తలు. ఆంటీకి మోకాళ్ల నొప్పులు, వంగలేదు. అందుకని గేటు ముందు సాన్పి నీళ్లు చల్లి ముగ్గు వేసే పని మా అమ్మ తీసుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. గేటు వాళ్లది, ముగ్గు మాది.

కుక్కను అన్న పండ్ల మార్కెట్‌లో బత్తాయిల గడ్డిలోంచి ఏరుకొచ్చాడు. దాని తల్లి రెండు వీధుల అవతల ఎవరింట్లోనో పెరిగే పామేరియన్. తండ్రి ఎవరో మా గల్లీలో అందరికీ తెలుసు, ఇస్త్రీ బండి కింద పడుకునేవాడు. ముందు నుంచి చూస్తే తెల్లటి బొచ్చుతో పెద్దింటి బిడ్డలా ఉండేది. వెనక నుంచి చూస్తే సన్నటి తొడలు, వంకర తోక, అచ్చం తండ్రి పోలిక. ఒక చెవి నిలబడేది, ఒకటి వాలేది. అన్న అప్పటికే యూనివర్సిటీలో పీజీ చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. ఆదివారం వచ్చి కుక్కను ముద్దు చేసి పోయేవాడు. పేరు పెట్టడం వాడి వంతు, పెంటలు ఎత్తడం నా వంతు.

అమ్మ మొదట దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. పొద్దున్నే అమ్మ కష్టపడి వేసిన ముగ్గులోంచి అది నడిచి, మెట్ల మీదుగా తెల్లటి అడుగులు వేసుకుంటూ వంటింటి గడప దాకా వచ్చేది. అమ్మ చీపురు అందుకునేది. రోజూ ఇదే భాగోతం. పిల్లగా ఉన్నప్పుడే దాని ముందు కాలు ఇనుప గేటు కింద నలిగి ఒక వేలు పోయింది. పశువుల దవాఖానలో కట్టు కట్టించుకొచ్చాం. కట్టు విప్పాక ఒక కార్తీక సోమవారం అమ్మ మెట్టు మీద పడిన అడుగును వంగి చూసింది. మూడు వేళ్ల ముద్ర.

"గిది మారేడాకు తీరుందే" అంది.

ఆ రోజు నుంచి చీపురు పక్కకు పోయింది. మా అమ్మ భక్తే అంత, ముందు దెబ్బ, తర్వాత దండం. పేరుతో పిలవడం ఆమెకు సిగ్గనిపించేది. "బిడ్డా" అనేది. కాళ్లు కడుక్కుంటే పక్కన, బియ్యం ఏరుతుంటే పక్కన, చీర అంచు పట్టుకున్నట్టు తిరిగేది. మెట్ల మీద దాని గోళ్లు టిక్కుటిక్కుమనేవి. ఆ చప్పుడును బట్టి ఎవరొస్తున్నారో చెప్పేవాళ్లం. నాయిన వస్తుంటే నెమ్మదిగా దిగేది. అన్న గల్లీ మొదట్లో కనిపిస్తే దొర్లుకుంటూ పడిపోయేది.

అవి తెలంగాణ కోసం రోడ్లన్నీ మండుతున్న రోజులు. రోజూ బంద్, రాస్తారోకో, ఏదో ఒక ర్యాలీ. మా ఇంట్లో టీవీ ఉదయం నుంచి మోగుతూనే ఉండేది. మెట్ల మీద ఓనరు అంకుల్ అడుగుల చప్పుడైతే మేం సౌండు తగ్గించేవాళ్లం. మేం దిగుతుంటే వాళ్లు తగ్గించేవాళ్లు. ఒకరినొకరు ఏమీ అనుకున్నది లేదు. పండక్కి పిండివంటలు పైకీ కిందికీ తిరిగేవి. అయినా ఆ సౌండు తగ్గించడం మాత్రం రెండు ఇళ్లూ మానలేదు. కుక్కకు ఈ మర్యాదలేవీ పట్టవు. మా ఇంట్లో జొన్నరొట్టె తిని, కింద ఆంటీ దగ్గర పెరుగన్నం తిని, రెండు టీవీల ముందూ నిద్రపోయేది.

అప్పట్లో టీవీలో కింద పోయే అక్షరాల్లో తరచూ ఎవరో ఒక పిల్లవాడు ప్రాణం తీసుకున్న వార్త ఉండేది. ఏ ఊరు, ఏం చదువుతున్నాడు, తల్లిదండ్రులు ఏం చేస్తారు. అమ్మకు అక్షరాలు సరిగా రావు. నన్ను చదవమనేది. నేను చదువుతుంటే నా నోటి వంక కాకుండా కుక్క వంక చూస్తూ వినేది. యూనివర్సిటీలో కొడుకులున్న తల్లులు ఆ రోజుల్లో ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడేవాళ్లు, మోగకపోతే సగం చచ్చేవాళ్లు. నేను ఇప్పటికీ ఫోన్ మోగితే మొదట టైం చూస్తాను, తర్వాతే ఎత్తుతాను.

అలాంటప్పుడు ఒక వారం అన్న ఫోన్ ఆగిపోయింది. ఆదివారం రాలేదు. నాయిన యూనివర్సిటీకి పోయాడు. ముళ్ల కంచెలు, పోలీసులు, లోపలికి పోనివ్వలేదు. కొందరు పిల్లల్ని వ్యాన్లలో ఎక్కించుకుపోయారని, ఏ స్టేషనో తెలియదని అక్కడ ఎవరో చెప్పారట. నాయిన తెలిసిన స్టేషన్లన్నీ తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అమ్మ కంచం తీసి కుక్క ముందు పెట్టింది. అదీ ముట్టలేదు.

ఆ వారంలోనే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ తిని నిరసన తెలపడం. మా గల్లీ ఆడవాళ్లు బియ్యం, గిన్నెలు, ఇటుకలు ట్రాలీ ఆటోలో వేసుకుని పోయారు. కొడుకు జాడ లేనప్పుడు అమ్మ ఎందుకు వస్తుందిలే అనుకున్నాను. ఆమే అందరికంటే ముందు ఎక్కింది. అక్కడికి స్టూడెంట్లు వస్తారు, వాళ్లలో ఎవరో ఒకరు చూసి ఉంటారని ఆమె ఆశ. కుక్క వెంటపడితే దాన్నీ ఎక్కించింది. జనంలో తప్పిపోకుండా తన పాత చీర అంచు చించి మెడకు కట్టి, ఆటో కడ్డీకి ముడి వేసింది.

విజయవాడ రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. లారీలు లేవు, బస్సులు లేవు, తారు మీద పొయ్యిల పొగ. అమ్మ గరిటె తిప్పుతూనే, జెండాలు పట్టుకుని వచ్చిన ప్రతి పిల్లవాడినీ ఆపి అన్న గురించి అడిగింది. పొడుగ్గా ఉంటడు, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటది అని చెప్పింది. ఎవరూ చూడలేదన్నారు. ఒకడు మాత్రం, వస్తడమ్మా, అందరం వస్తం అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చలేదు.

అన్నం ఉడికే వేళకు దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి ఒక ర్యాలీ వచ్చింది. దాని వెనకే పోలీసులు. ఎవరు ముందు తోశారో, ఎవరు రాయి విసిరారో నాకు తెలియదు. ధన్‌మని చప్పుడు, తర్వాత ఇంకోటి. టియర్ గ్యాస్. కళ్లలో కారం చల్లినట్టైంది. ఎవరో నా చేతిలో సగం కోసిన ఉల్లిగడ్డ పెట్టి వాసన చూడమన్నారు. అమ్మ చెయ్యి పట్టుకుని ఒక షట్టర్ పక్కకు పరుగెత్తాను. పొగ తగ్గాక వచ్చి చూస్తే గిన్నె బోర్లా పడి అన్నం రోడ్డు మీద ఉంది. ఆటో కడ్డీకి చీర అంచు ముక్క వేలాడుతోంది. మిగతా ముక్కతో కుక్క పోయింది.

దీపావళి టపాకాయలకే మంచం కింద దూరి మూడు పూటలు బయటికి రాని జీవం అది. ఆ రోజు ఎటు పరుగెత్తి ఉంటుందో ఎవరు చెప్పగలరు. చింతలకుంట వైపు కొంత దూరం, నాగోల్ రోడ్డులో కొంత దూరం, మళ్లీ కొత్తపేట దాకా పిలుచుకుంటూ తిరిగాం. అమ్మ దాన్ని మొదటిసారి పేరు పెట్టి పిలిచింది, పోలీసుల మధ్యలోంచి, గట్టిగా, సిగ్గు లేకుండా. అక్కడున్న ఒక పోలీసాయన ఆ పేరు విని కొడుకును వెతుకుతోందనుకున్నాడు. ఎన్నేళ్లమ్మా అని అడిగాడు. అమ్మ మళ్లీ ఆ పేరే పిలుచుకుంటూ ముందుకు పోయింది.

ఇంటికి వచ్చే ముందు ఆమె ఒక పని చేసింది. అంచు చించగా మిగిలి ఆటోలోనే ఉన్న పాత చీరను అక్కడే, డివైడర్ పక్కన మడతపెట్టి ఉంచింది. మా ఊళ్లో గొర్లు కాసేవాళ్ల కుక్క అడవిలో తప్పిపోతే, కాపరి తన గొంగడిని అక్కడే వదిలి వస్తాడట. యజమాని వాసన పట్టుకుని కుక్క దాని మీదికి వచ్చి పడుకుంటుంది, మర్నాడు పోయి తెచ్చుకుంటారు. మర్నాడు మేం పోయేసరికి చీర లేదు. రోడ్డు ఊడ్చేశారు.

అలా పోయే ముందు, ఆ పొద్దున నాకు మెలకువ వచ్చింది చప్పుడుతో కాదు, చప్పుడు లేకపోవడంతో. బకెట్ నీళ్లు నేల మీద పడే శబ్దం నా చిన్నప్పటి నుంచీ నా అలారం. అది లేదు. కిందికి దిగాను. అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. గేటు ముందు నిన్నటి ముగ్గు అలాగే ఉంది. దాని మీదుగా మూడు వేళ్ల తెల్లటి అడుగులు మెట్లెక్కుతున్నాయి. నిన్న పొద్దున వేసినవి.

"సాన్పి చల్లకు. వాసన పోతది" అంది.

నేను వాదించాను. కుక్కలకు అంత దూరం వాసన అందదని, ఫినాయిలు లేకుండా ఉత్త నీళ్లు చల్లితే ఏమీ కాదని, అన్నీ చెప్పాను. పుస్తకాలు చదివిన నోరు కదా. ఆమె వినలేదు. కొడుకు కోసం ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. స్టేషన్లకు పోలేదు, అక్షరాలు రావు, ఎవరితో మాట్లాడాలో తెలియదు. కుక్క కోసం ఒకటి చేయగలదు, వాకిలి కడగకుండా ఉండగలదు. అదే పట్టుకుని కూర్చుంది.

చెత్త పేరుకుంది. పాలవాడు ప్యాకెట్లు గేటు మీద పెట్టి పోయేవాడు. ఒక సాయంత్రం అకాల మబ్బు పట్టింది. అమ్మ పండ్ల మార్కెట్‌కు పోయి అట్టపెట్టెలు అడిగి తెచ్చి, విప్పి, ఆ అడుగుల మీద పరిచి, ఇటుకలు పెట్టింది. కాసేపు జల్లు పడి ఆగిపోయింది. ఆ కాసేపూ ఆమె అట్టల మీద గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమె తడిసింది.

గల్లీ మారిపోయింది. పిల్లలు మా గేటు ముందు క్రికెట్ మానేశారు. ఇస్త్రీ బండాయన మమ్మల్ని చూసి పెట్టెలో బొగ్గులు సర్దుకున్నట్టు తల దించుకునేవాడు. ఎదురింటి వాళ్ల టీవీ కూడా తగ్గింది. బంద్ రోజులు కదా, అందరూ దిగులుగా ఉన్నారనుకున్నాను. నా తెలివి అంతవరకే పోయింది. పొద్దున వాకిట్లో కొత్త ముగ్గు లేకపోతే మనవాళ్లు దాన్ని ఎలా చదువుతారో నాకు గుర్తు రాలేదు. విచిత్రం ఏమిటంటే, ఊళ్లో చావుల లెక్కలన్నీ తెలిసిన మా అమ్మకూ గుర్తు రాలేదు.

ఎదురింటామె, మా నల్గొండ వైపు మనిషే, ఒక మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ పట్టుకుని పైకి వచ్చింది. క్యారియర్ వంటింటి గడప దగ్గర పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు అన్నం తెస్తారు. అమ్మ క్యారియర్‌ను చూసింది. ఆమె ముఖం చూసింది.

"నీకెవరు చెప్పిన్రు?" అని అడిగింది.

"చెప్పుడెందుకక్కా, వాకిలి చూస్తలేమా" అని ఆమె ఏడ్చేసింది.

అమ్మకు ఆ రెండో మాట వినిపించలేదు. ఆమెకు కనిపించింది అన్నం మాత్రమే. ఈమెకు తెలిసింది, టీవీలో వచ్చింది, గల్లీ అంతటికీ తెలిసింది, నాకే ఎవరూ చెప్పలేదు, అని ఆమె ముఖం మీద ఒక్కొక్కటిగా నేను చదివాను. టీవీ అక్షరాలు చదివినట్టే. ఆమె ఏడవలేదు. గోడ పట్టుకుని కిందికి జారి, చాలా మామూలుగా అడిగింది.

"ఏ దవాఖానల పెట్టిన్రంట?"

నేనూ నమ్మాను. నమ్మడానికి క్షణం పట్టలేదు, ఎన్నో రోజులుగా దానికోసమే సిద్ధంగా కూర్చున్నట్టు. అన్న చొక్కా ఒకటి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. దాని వైపు చూడొద్దనుకున్నాను, చూశాను. ఆ కాసేపు మా ఇంట్లో మా అన్న చచ్చిపోయాడు. తర్వాత తిరిగొచ్చాడు, ఇప్పుడు బట్టతలతో, షుగర్‌తో, పిల్లల ఫీజుల గొడవతో మాట్లాడుతుంటాడు. కానీ ఆ మధ్యాహ్నం చచ్చిపోయినవాడు మా ఇల్లు వదిలి పూర్తిగా పోలేదు. కొన్నిసార్లు అన్న ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతుంటే ఆ ఇంకొకడు గుర్తొస్తాడు. ఇరవై మూడేళ్ల వాడు, మేకుకు చొక్కా వదిలి పోయినవాడు.

ఏడుపూ, వాకిలి మాటా విని కింది ఆంటీ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కి వచ్చింది. అంత నొప్పితో ఆమె మా పోర్షన్‌కు రావడం అరుదు.

"ఏమైందమ్మా, ఎవరు పోయారు? వీళ్ల కుక్క తప్పిపోయింది. దాని వాసన పోకూడదని వాకిలి కడగట్లేదు, అంతే. అబ్బాయి గురించి ఏ వార్తా రాలేదు" అంది.

ఎదురింటామె చెంపలు వేసుకుంది. ముగ్గు లేకపోయేసరికి, కొడుకు యూనివర్సిటీలో ఉన్న ఇల్లు కాబట్టి, గల్లీ మొత్తం అదే అనుకుందట. అడగడానికి ఎవరికీ నోరు రాలేదట. ఇంకొందరేమో ఓనర్లు ఇల్లు వదిలి గుంటూరు వెళ్లిపోయారనుకున్నారట. ఆ మాట విని ఆంటీ నవ్వాలో బాధపడాలో తెలియక చీర కుచ్చెళ్లు సర్దుకుంది. అమ్మకు మాత్రం చాలాసేపు ఏదీ ఎక్కలేదు. ఆంటీ ఆమె పక్కన నేల మీద కూర్చుంది, వంగని మోకాళ్లతో, కాళ్లు బార్లా చాపుకుని. మీ అబ్బాయి వస్తాడమ్మా అని ఆమె అనలేదు. ఆ అన్నం అమ్మ లోపలికి తేనివ్వలేదు. నేను తీసుకుపోయి ఇస్త్రీ బండి దగ్గర కుక్కలకు పెట్టాను. మా కుక్క తండ్రీ తిన్నాడు.

పోయే ముందు ఆంటీ, ఇక ముగ్గు వేసేయమ్మా, చూసేవాళ్లకు బాగుండదు అంది. ఒక్క పొద్దు ఆగుతనమ్మా అని అమ్మ బతిమాలింది. ఆంటీ సరేనంది. తన పనిమనిషితో కూడా ఆ వైపు నీళ్లు పోయొద్దని చెప్పింది.

అదే రోజు పొద్దు వాలే వేళ నేను వరండాలో బట్టలు తీస్తున్నాను. గల్లీ మొదట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డం, మాసిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. అన్న. కదలడం లేదు. మా గేటు వైపే చూస్తున్నాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తాను. దగ్గరికి పోతే ఒక అడుగు వెనక్కి వేశాడు, నేనేదో చెబుతానని భయపడ్డట్టు.

"ఎవరు? అమ్మనా, నాయిననా?" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. వాడి చూపు వెంట వెనక్కి తిరిగితే, కొత్త ముగ్గు లేని వాకిలి, దాని మీద ఏదో కప్పినట్టు అట్టలు, నాలుగు మూలలా ఇటుకలు. అప్పుడు తెలిసింది. ఎవరూ పోలేదు, కుక్క తప్పిపోయిందని చెప్పాను. వాడు ఇస్త్రీ బండి పక్కన రోడ్డు మీదే కూలబడి, పెద్దవాడు ఏడవకూడనంత గట్టిగా ఏడ్చాడు. కుక్క కోసం కాదు. కుక్క కోసం తర్వాత ఏడ్చాడు.

వాణ్ని, ఇంకొందరిని ఊరి బయట ఎక్కడో స్టేషన్‌లో పెట్టి, ఫోన్లు లాక్కుని, ఆ పొద్దున వదిలేశారట. అమ్మ వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుంది. అన్నం పెట్టింది. తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. చెయ్యి కడుక్కున్నాక వాడు ఒక్కటే అడిగాడు.

"పొద్దుగాల ముగ్గెయ్యమ్మా. గా మూల మీద నిలబడ్డప్పుడు నువ్వు లేవనుకున్న."

అమ్మ మెట్ల వైపు చూసింది.

మర్నాడు పొద్దున బకెట్ చప్పుడు వినిపించింది. దిగి చూస్తే ఆమె అట్టలు తీసేసి, ఆ అడుగుల ముందు గొంతుక్కూర్చుని ఉంది. ముగ్గు వెలిసిపోయింది గానీ మారేడాకులు మాత్రం తెలుస్తూనే ఉన్నాయి. వేలితో ఒకదాని చుట్టూ గీసింది. తర్వాత లేచి నీళ్లు చల్లింది. రెండో బకెట్టూ చల్లింది. గేటు ఆ చివర నుంచి ఈ చివర దాకా, నేను అంతకు ముందు చూడనంత పెద్ద ముగ్గు వేసింది. చుక్కలు పెడుతుంటే ఆమె ముక్కు చివర నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇద్దర్నడిగితే దేవుడు కోప్పడ్తడు" అంది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది రాసేదాన్ని కాదు. కుక్కలు తప్పిపోతాయి, మనుషులు మర్చిపోతారు.

ఆ మర్నాడు పొద్దున నేనూ అమ్మా కలిసే కిందికి దిగాం. గేటు గడియ వేసే ఉంది. ముందు రోజు ముగ్గులో అడుగులున్నాయి. చిన్న కుక్క అడుగులు. రోడ్డు వైపు నుంచి వచ్చాయి, ముగ్గు మధ్యలోంచి గేటు దాకా వచ్చాయి, అక్కడ ఒకచోట కలగలిసి, అటూ ఇటూ తిరిగి, వచ్చిన దారినే పోయాయి. పాలవాడి సైకిలు టైరు వాటి మీదుగా పోయింది. మిగిలినవి చెదిరి ఉన్నాయి. ఒకటి కొంచెం నయం. అందులో మూడు వేళ్లు కనిపించాయి. నాలుగో వేలు ఉండాల్సిన చోట టైరు గీత.

అన్నను పిలిచాం. వాడు చూసి ఇది గల్లీ కుక్కే అన్నాడు, చాలా తొందరగా అన్నాడు. నాయిన, కుక్కలకేం కొదవ అన్నాడు. ఆంటీ కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, గేటు పట్టుకుని ఎంత వంగగలదో అంత వంగి చూసి, ఏమోనమ్మా అంది. అందరిలోకీ నిజం చెప్పింది ఆమె ఒక్కతే. అమ్మ ఆ అడుగు మీద అరచెయ్యి ఆనించకుండా, గాలిలో ఆపి పెట్టింది.

"వచ్చింది. ఇల్లు ఇదేనా కాదా అని చూసి మర్లిపోయింది" అంది.

మళ్లీ వెతికాం. నాగోల్ దాకా, మూసీ ఒడ్డు దాకా, ఇటు చైతన్యపురి హాస్టళ్ల వెనక గల్లీలన్నీ అన్న సైకిలు మీద తిరిగాడు. దొరకలేదు. అది వచ్చిందో రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చిందనుకుంటే అమ్మ చల్లిన ఆ రెండు బకెట్ల నీళ్లు గుర్తొస్తాయి. రాలేదనుకుంటే ఎక్కడ, ఎలా అని ఇంకో ఆలోచన మొదలవుతుంది. రెండింట్లో ఏది మేలో తేల్చుకోలేకే ఇన్నేళ్లు గడిచాయి.

ఆ రోజు నుంచి అమ్మ వాకిలంతా కడిగి, గేటు పక్కన అరచెయ్యంత జాగ మాత్రం తడపకుండా వదిలేది. ముగ్గు దాని చుట్టూ తిరిగి పోయేది. తెలంగాణ వచ్చిందని ప్రకటించినప్పుడు గల్లీ అంతా టపాకాయలు పేల్చారు. అన్న భుజాల మీద ఎవరినో ఎత్తుకుని ఎగిరాడు. అమ్మ సంతోషపడింది, అందరికీ మిఠాయి పంచింది. తర్వాత లోపలికి వచ్చి కిటికీలన్నీ మూసింది. అది ఎక్కడున్నా భయపడుతుందని.

ఇప్పుడు నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, అమ్మ నా దగ్గరే. ఆటోలో ఎల్బీనగర్ మీదుగా పోయేటప్పుడు ఆ డివైడర్ వైపు చూడకుండా ఫోన్ చూసుకుంటాను. ఫ్లాటు తలుపు ముందు గచ్చు మీద అమ్మ సుద్దముక్కతో ముగ్గు వేస్తుంది. గడప పక్కన అరచెయ్యంత చోట ఊడ్చదు, తుడవనివ్వదు. మొదట్లో నేను కసిరాను, అసోసియేషన్ వాళ్లూ అడిగారు. ఇప్పుడు ఎవరూ అడగరు. మాకు లిఫ్టు ఉంది. అయినా కొన్ని సాయంత్రాలు మెట్ల మీద టిక్కుటిక్కుమని ఏదో ఎక్కుతున్నట్టు నాకు వినిపిస్తుంది. అమ్మకు చెప్పను. ఆ వేళకు ఆమె కూడా చేస్తున్న పని ఆపి ఉంటుంది. తనూ నాకు చెప్పదు.

అన్న వస్తే బెల్లు కొట్టే ముందు కిందికి చూస్తాడు. తలుపు కన్నంలోంచి నేను చాలాసార్లు చూశాను. ముగ్గు చూశాకే చెయ్యి పైకి లేస్తుంది. వదినకు ఇది వింత, నవ్వుతుంది. అమ్మకు తెలుసు. అందుకే పండగనీ లేదు, నొప్పనీ లేదు, రోజూ వేస్తుంది.

మొన్న జ్వరం వచ్చి లేవలేకపోయింది. పొద్దున్నే నేనే తుడిచి, నాకు వచ్చిన వంకర గీతలేవో గీసి లోపలికి వచ్చాను. కళ్లు మూసుకునే అడిగింది.

"ముగ్గేసినవా?"

"ఏసిన."

"అన్న వస్తనన్నడు. దూరం నుంచి కనబడేటట్టు ఏసినవా?"

"ఏసినమ్మా."

ఊపిరి నెమ్మదించింది. నిద్రపోయిందనుకుని దుప్పటి సర్దాను. చెయ్యి పట్టుకుంది.

"ఆ జాగ?"

"తడపలే."